తాగని మనిషిని తోలుకొని రా

పదవీ విరమణ చేసినవాళ్లు రాసుకునే జ్ఞాపకాల్లో చివరికి రాసినవాడే గెలుస్తాడు. పై అధికారి తప్పు ఒప్పుకుంటాడు, కింది ఉద్యోగి చేతులు జోడిస్తాడు, మధ్యలో మన పెద్దమనిషి చిరునవ్వుతో నిలబడి ఉంటాడు. అలాంటి కథ నా సర్వీసులో ఒక్కటైనా దొరుకుతుందేమోనని చాలా వెతికాను. దొరకలేదు. దొరికిందల్లా పోలీసులు నా కారు పట్టుకుపోయిన శనివారం. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు అదే ఎక్కువ పనికొస్తుందని రాస్తున్నాను.

నేను బస్సు డిపోలో పనిచేశాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మధ్యనే నా సర్వీసంతా తిరిగింది. ఇది జరిగినప్పుడు ఏ డిపోలో ఉన్నానో చెప్పను. అప్పటివాళ్లు కొందరు ఇంకా డ్యూటీలోనే ఉన్నారు, వాళ్లను ఇందులోకి లాగడం నాకు ఇష్టం లేదు. కండక్టరుగా చేరి, చివరి సంవత్సరాల్లో కంట్రోలరునయ్యాను. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో చెప్పడం, ఎక్కే ముందు వాళ్ల చేత మిషన్‌లో ఊదించడం నా పని. తాగినవాడు ఊదితే మిషన్ అంకె చూపిస్తుంది. తాగనివాడు ఊదితే సున్నా.

నిజం చెప్పాలంటే ఆ మిషన్ చేతికొచ్చాక నా నడక మారింది. "ఊదు... ఆపకు... ఇంకా... ఆఁ, చాలు" అని ఒక రాగం కూడా అలవాటైంది. డ్రైవర్లు క్యాంటీన్‌లో ఆ రాగం తీసి నవ్వుకునేవారట. నాకు 'ఊదుబత్తి సారు' అని పేరు పెట్టారు. అది గౌరవంతో పెట్టిన పేరేనని నేను చాలాకాలం అనుకున్నాను.

దసరా రద్దీలో ఒకరోజు పొద్దున ఒక డ్రైవరు నా గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, బండి బాగా తోలేవాడు, నోటి దురుసు కొంచెం ఎక్కువ. ముందురోజు వాళ్ల అవ్వకు దినాలు చేశారు. మా పాలమూరు పల్లెల్లో దినాలంటే కల్లు ఉంటుంది. పోయినవాళ్ల పేరు మీద నేల మీద ధారగా పోస్తారు, దాన్ని సాక అంటారు. మిగిలింది ఇంటివాళ్లూ చుట్టాలూ తాగాలి. తాగనంటే పోయినవాళ్లను తక్కువ చేసినట్టు.

"సారూ, నిన్న జర ఎక్కువైంది. పొద్దుగాల గూడ మా పెద్దనాయిన ఇడిశిపెట్టలే. ఇయ్యాల బండెక్క. లీవు రాసుకోండ్రి" అన్నాడు.

అలా వచ్చి చెప్పిన డ్రైవరును నా సర్వీసులో అంతకుముందు చూడలేదు. మెచ్చుకోవాల్సింది. కానీ బయట హైదరాబాద్ స్పెషల్ బస్సు నిండా జనం కూర్చుని అద్దాలు బాదుతున్నారు. ఇలాంటి అవసరానికని ఒక డ్రైవరును ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవాలి. ఆ రోజు ఖాళీగా ఉండాల్సినవాణ్ని ముందురోజే నేను ఇంటికి పంపించాను, మా ఇంటికి సున్నం వేయించడానికి ఒక మంచి మేస్త్రీని చూసిపెడతానన్నాడని. కాబట్టి బండి ఆగిపోతే ప్రశ్న నా మీదికి వస్తుంది.

నేనతన్ని కసిరాను. ఊదితే సున్నా వస్తుందేమో చూద్దాం, వస్తే ఎక్కు అన్నాను. వద్దు సారూ అంటున్నా మిషన్ మూతికి పెట్టాను. సున్నా రాలేదు. ట్రిప్పు రద్దయింది. మేనేజరు అడిగితే, డ్రైవరు తాగి డ్యూటీకి వచ్చాడని చెప్పాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అతను తనంతట తానే వచ్చి ఎక్కనన్నాడని మాత్రం చెప్పలేదు. అంతే. అతన్ని సస్పెండ్ చేశారు.

తర్వాత అతని భార్య మా ఇంటికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నేను బాత్రూములో దాక్కున్నాను. రెండోసారి కూడా అక్కడే. మా ఆవిడ ఆమెకు టీ ఇచ్చి, కష్టసుఖాలు మాట్లాడి, ఫోన్ నంబరు తీసుకుని పంపేది. "ఎంతసేపు స్నానం జేస్తవయ్యా, తోలు ఊడుతది" అని తలుపు కొట్టేది. తాగి వచ్చినవాడి మీద జాలేమిటని నేను లోపలినుంచే నీతులు చెప్పేవాణ్ని.

అతని విచారణ ఒక సోమవారానికి పడింది. సాక్షిని నేనొక్కణ్నే. దానికి ముందు వచ్చిన శనివారం గట్టు దగ్గర ఒక పల్లెలో మా మేనమామ దినాలు.

బస్సులో పోదామని మా ఆవిడ అంది. కారు కొని ఏడాది కాలేదు, చుట్టాలు చూడొద్దా అని నేను కారు తీశాను. అక్కడ మామ పేరున సాక పోశారు. వాకిట్లో వరుసగా కూర్చోబెట్టి ఈత కల్లు వంచడం మొదలుపెట్టారు. బండి తోలాలన్నాను. మా చిన్న మేనమామ ముంత పట్టుకుని నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అల్లుడా, ఇది మందు గాదు. చెట్టు పాలు. నువ్వు తాగకుంటె మా అన్న నోరెండుతది."

మామ నోరు తడిపాను. రెండో ముంత మా అత్త పేరు మీద అన్నాడు. అత్త బతికే ఉంది కదా, అదిగో గుమ్మంలో కూర్చుంది కదా అన్నాను. బతికున్నోళ్ల పేరు మీద తాగొద్దని ఏ శాస్త్రంల ఉన్నది అని ఆయన అడిగాడు. నేను శాస్త్రం చదువుకోలేదు. ఆ తర్వాత ఎవరెవరి పేర్ల మీద తాగానో గుర్తులేదు కానీ, మా వంశంలో చాలామందికి ఆ రోజు తృప్తి కలిగి ఉండాలి.

ఆడవాళ్ల పంక్తి ఇంటి వెనక. మా ఆవిడకు ఇదంతా తెలియదు. బయలుదేరేటప్పుడు చిన్నమామ ఒక ప్లాస్టిక్ క్యాను నిండా కల్లు పోసి, మూత గట్టిగా బిగించి, డిక్కీలో పెట్టాడు. కల్లు క్యానుకు మూత బిగించకూడదని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. మాకిద్దరికీ ఆ క్షణంలో తెలియలేదు.

గద్వాల దాటి, హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గరకు వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. రోడ్డుకు అడ్డంగా పోలీసుల డ్రమ్ములు కనిపించాయి. ఒక హెడ్ కానిస్టేబులు చెయ్యెత్తాడు. నా వయసు వాడే, మంచి మర్యాద ఉన్న మనిషి. నేను అద్దం దించి నమస్కారం పెట్టాను. సరిగ్గా అప్పుడే వెనక డిక్కీలో క్యాను మూత ఢామ్మని ఎగిరింది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ముక్కు ఎగబీల్చాడు. ఇక మిషన్ అవసరమే లేదు. అయినా పద్ధతి పద్ధతే కనుక నా మూతి దగ్గర పెట్టాడు. సరిగ్గా మా డిపోలో ఉన్నటువంటిదే. నేను ఊదాను. కళ్లు మూసుకుని, ఇన్నేళ్లూ నా ముందు నిలబడినవాళ్లందరూ ఎలా నిలబడ్డారో అలాగే నిలబడి, అంకె చూడకుండానే నోరు తెరిచాను.

"సారూ, కల్లే సారు. మందు గాదు. మామ దినాలు, సాక పోస్తె వద్దనొద్దని..."

ఈ వాక్యం నేను ఎన్నోసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ వెక్కిరించాను. దాన్ని అంత చక్కగా ఎవరూ చెప్పి ఉండరు.

కారును స్టేషన్‌కు తీసుకుపోతామన్నారు. మా ఆవిడ దిగనంది. తాను తాగలేదు కనుక తనను దించే హక్కు ఎవరికీ లేదంది. పోలీసులు కాసేపు ఆలోచించి, ఒక కానిస్టేబులు చేత కారు తోలించారు. ఆమె ముందు సీటులో దర్జాగా, నేను వెనక జీపులో. అలా స్టేషన్‌కు చేరాం.

హెడ్ కానిస్టేబులు వివరాలు అడిగాడు. ఏం పని చేస్తావన్నాడు. వ్యవసాయం అన్నాను. మా ఆవిడ కుర్చీలోంచే, "వ్యవసాయమెక్కడిదయ్యా. డిపోల డ్రైవర్లకు ఊదిపిచ్చేది ఈయననే" అంది.

ఆయన లోపలి గదిలోకి వెళ్లాడు. ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు వచ్చి, ఏదో పని ఉన్నట్టు నా ముందునుంచి నడిచి, నన్ను చూసి వెళ్లారు.

కేసు కేసే, దానికి కోర్టుకు రావాలి, ఇంటివాళ్లతో కలిసి కౌన్సెలింగుకు రావాలి అని ఆయన వివరించాడు. కారు మాత్రం ఇవాళ ఇవ్వొచ్చు. "లైసెన్సున్న మనిషిని, తాగని మనిషిని తోలుకొని రా పెద్దమనిషీ. ఆయన చేతికి ఇస్త. నీ చేతికియ్య. లేదంటె సోమవారం రా."

సోమవారం నేను విచారణలో ఉండాలి. ఫోన్ తీసుకుని చెట్టు కిందికి నడిచాను. నాకు తెలిసిన మనుషుల్లో ముప్పాతిక మంది డ్రైవర్లే. లైసెన్సు లేనివాడు లేడు. కానీ వాళ్లలో నేను ఊదించనివాడు కూడా లేడు. ఎవరికి ఫోన్ చేసినా, నా కారు కృష్ణ వంతెన దాటేలోపు ఈ వార్త డిపో దాటి కర్నూలు చేరుతుంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. మళ్లీ తీశాను. మళ్లీ పెట్టుకున్నాను.

మా ఆవిడ కిటికీలోంచి పిలిచింది. "ఆ సస్పెండైన పిల్లగాడు లేడా. గొర్ల వ్యాపారి దగ్గర బండి తోలుతుండట. ఇయ్యాల పెబ్బేరు సంతల ఉంటడు. కృష్ణ దాటితె పెబ్బేరే."

వాడొద్దు అన్నాను. ఎందుకు వద్దు అంది. అప్పటికే ఆమె అతని భార్యకు ఫోన్ కలిపి, పిల్లల క్షేమం అడుగుతోంది.

అతను గొర్రెల వ్యాపారి మోటారు సైకిల్ వెనక కూర్చుని వచ్చాడు. చొక్కా నిండా గొర్రె బొచ్చు. దిగి, స్టేషన్ మెట్ల మీద కూర్చున్న నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"నమస్తె సారు. ఏ సర్వీసు? ఏడికి డ్యూటీ?"

లోపల అతని లైసెన్సు చూసి, హెడ్ కానిస్టేబులు మిషన్ తీశాడు. అతను ఊదడం మొదలుపెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. నా ప్రమేయం లేకుండానే నా నోటినుంచి రాగం వచ్చేసింది. "ఆపకు... ఇంకా..."

"పెద్దమనిషీ, మిషన్ మాది" అన్నాడు హెడ్ కానిస్టేబులు.

సున్నా వచ్చింది. ఆయన తృప్తిగా తలూపి, ఈయనకు నువ్వేమవుతావని అతన్ని అడిగాడు. ఊరికే అడిగిన ప్రశ్న. తమ్ముడనో పరిచయమనో అంటే అయిపోయేది.

"ఏం గాను సారు. నా నౌకరి తీపిచ్చింది ఈయననే."

హెడ్ కానిస్టేబులు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పోలీసు స్టేషన్‌లో కూడా మంచి ముచ్చట రోజూ దొరకదు. అతను చెప్పాడు. గొంతు పెంచలేదు. అవ్వ దినాలూ, కల్లూ, పొద్దున తానే వచ్చి లీవు అడగడమూ, బండి ఎక్కనన్నా నేను మూతికి మిషన్ పెట్టడమూ, అన్నీ వరుసగా చెప్పాడు. ఇంట్లో అద్దం ముందు చాలాసార్లు చెప్పుకున్నవాడిలా చెప్పాడు.

మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. ఆమెకు ఇంతవరకు తెలిసిన కథ నేను చెప్పిందే: తాగి వచ్చాడు, నేను పట్టుకున్నాను.

"తానే వచ్చి చెప్పిండా?" అని నన్ను అడిగింది.

నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"నిన్నే అడుగుతున్న. చెప్పిండా, లేదా?"

"చెప్పిండు" అన్నాను.

నా జీవితంలో నేను పెద్ద అధికారుల ముందు నిలబడ్డాను. ప్రయాణికులు కాలరు పట్టుకున్న రోజులున్నాయి. కానీ ఆ ఒక్క మాట పలకడానికి పట్టినంత బలం ఎప్పుడూ అవసరం కాలేదు. మా ఆవిడ వెళ్లి కారు ముందు సీటులో, డ్రైవరు పక్కన కూర్చుంది. నేను వెనక సీటులో, పొంగిపోగా మిగిలిన కల్లు క్యాను పక్కన కూర్చున్నాను. డిక్కీలో దాన్ని మళ్లీ పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వంతెన మీద కారు మెత్తగా పోతోంది. నా కారు అంత మెత్తగా పోగలదని నాకు అప్పటిదాకా తెలియదు. అతను ఇప్పుడు అడుగుతాడు, ఇంకో నిమిషంలో అడుగుతాడు అని నేను ఎదురు చూశాను. సోమవారం నాకు అనుకూలంగా చెప్పు, లేకపోతే ఈ సంగతి డిపోలో చెబుతాను అంటాడనుకున్నాను. అలా అంటే నాకూ కొంత తేలికయ్యేది, ఇద్దరం సమానమయ్యేవాళ్లం. అతను అడగలేదు. చివరికి నేనే అడిగాను, సోమవారం ఏం చెప్పమంటావని.

"బండి నడిచేటప్పుడు డ్రైవరుతోని ముచ్చట పెట్టొద్దు సారు. బస్సులల్ల ఆ ముక్క రాపిచ్చింది మీరే" అన్నాడు.

మా ఆవిడ కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో వెనకనుంచి తెలియలేదు.

పెబ్బేరులో ఆపాడు. అమ్ముడుపోని గొర్రెలు నాలుగు అతని వ్యాన్ దగ్గర కట్టేసి ఉన్నాయి. యజమాని ఇంకో డ్రైవరును పంపేదాకా వాటిని వదిలిపోవడానికి లేదు. తాను వ్యాన్ తాళాలు యజమానికి అప్పగించి వస్తానని, గొర్రెల తాళ్లు నా చేతికిచ్చాడు. దినాలకని కట్టుకున్న తెల్లపంచె, భుజాన కండువా, చేతిలో నాలుగు గొర్రెలతో రోడ్డు పక్కన నిలబడ్డాను. అవి నాలుగూ నాలుగు దిక్కులకు పోవాలనుకున్నాయి. అప్పుడే మా డిపో బస్సు వచ్చింది. డ్రైవరు నన్ను చూసి వేగం తగ్గించాడు. కండక్టరు తలుపులోంచి సగం బయటికి వంగి నమస్కారం పెట్టాడు. నేను తిరిగి పెట్టలేకపోయాను. చేతులు ఖాళీగా లేవు.

ఆ సాయంత్రానికి డిపోకంతా తెలిసిపోయింది, నేను రిటైరయ్యాక గొర్రెల వ్యాపారం పెడుతున్నానని. దాచుకోవాల్సిన అసలు సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. అంటే తప్పించుకునే దారి ఇంకా తెరిచే ఉంది. ఆదివారమంతా ఆ దారిలో పోదామా వద్దా అని ఇంట్లో తిరిగాను. మా ఆవిడ అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. మా సంసారంలో అంత ప్రశాంతమైన ఆదివారం లేదు, అంత భయంకరమైనదీ లేదు.

సోమవారం విచారణ అధికారి నన్ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇతను తాగి వచ్చాడా? అవును అంటే పని అయిపోతుంది. నిజమూ చెప్పినట్టవుతుంది. అవును అన్నాను. ఆయన తర్వాతి కాగితం తిప్పబోయాడు.

"ఇంకొకటి ఉంది సార్" అన్నాను.

తానే వచ్చి చెప్పాడని, బండి ఎక్కనన్నాడని చెప్పాను. నేను బలవంతాన ఊదించానని చెప్పాను. ఖాళీగా ఉండాల్సిన డ్రైవరును సున్నం మేస్త్రీ కోసం పంపించిన సంగతి చెప్పినప్పుడు ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. శనివారం బీచుపల్లి సంగతి కూడా చెప్పాను. అది చెప్పాల్సిన అవసరం లేదని ఆయనే మధ్యలో అన్నాడు. కానీ ఒకసారి మొదలయ్యాక నన్ను ఆపడం కష్టమైంది.

అంతా అయ్యాక డ్రైవరును అడిగాడు, నువ్వేమైనా చెప్పుకోవాల్సింది ఉందా అని.

"సారు చెప్పింది నిజమే. జర లేటుగ చెప్పిండు" అన్నాడతను.

అతన్ని తిరిగి డ్యూటీలోకి తీసుకున్నారు. నన్ను ఊదించే డ్యూటీనుంచి తప్పించి, నాగర్‌కర్నూల్‌లో ప్రయాణికులు మరిచిపోయిన సామాను కాసే గదికి పంపారు. ఒక ఇంక్రిమెంటు పోయింది. కోర్టులో జరిమానా కట్టాను, లైసెన్సు కొన్నాళ్లు పోయింది. కౌన్సెలింగులో అధికారి మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, మీ భర్త తాగుడు గురించి చెప్పండమ్మా అంటే, మా ఆవిడ తాగుడు సంగతి ఒక్క మాటతో ముగించి, మిగిలిన గుణాల గురించి చాలాసేపు చెప్పింది. ఆయన రాసుకోవడం మానేసి వింటూ కూర్చున్నాడు.

విచారణ రోజున వరండాలో అతని వెనకే వెళ్లాను. క్షమించమని అడిగాను. చిన్నవాడని చూడకుండా చేతులు కూడా జోడించాను. అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. నా చేతులు పట్టుకుంటాడనుకున్నాను. ఇలాంటి చోట అందరూ అదే చేస్తారు కదా.

"మాఫ్ జేసిన అంటె మీరు ఇంటికి పోయి మంచిగ నిద్రపోతరు సారు" అన్నాడు. "మూడు నెలలు నా ఇంట్ల ఎవలు నిద్రపోలే. జర కొన్ని దినాలు ఆగుండ్రి."

అని డ్యూటీ అడగడానికి వెళ్లిపోయాడు.

ఇప్పటికీ వనపర్తి బస్టాండులో కనిపిస్తాడు. నమస్తే సారు అంటాడు, టీ తాగిస్తాడు, డబ్బులివ్వనివ్వడు. పిల్లల చదువులు మాట్లాడుకుంటాం. ఆగమన్న ఆ దినాలు అయ్యాయో లేదో అతను చెప్పడు. నేనూ తొందరపెట్టను.